తేనెపట్టు రాయి, పసుపు పూత: విజయనగరం ల్యాబ్ నుంచి ప్రాజెక్టు డైరీ

జూలై 3

కార్బన్ మోనాక్సైడ్‌ని తీసేసే ఉత్ప్రేరకం మీద పని చేస్తున్నాం. దాని పౌడర్ పని అయిపోయింది. రేపటి నుంచి మోనోలిత్, అంటే గ్యాసు పోయే సన్నటి గదులున్న దిమ్మ, మొదలు. ఈసారి ప్రతి అడుగూ రాసి పెట్టాలనుకున్నాను. పౌడర్ మీద పనిచేసిన ఏడాదిలో రాయకుండా వదిలేసిన చిన్న విషయాలే తర్వాత నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి.

కొత్తగా చదివేవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫ్యూయల్ సెల్‌కి హైడ్రోజన్ ఇస్తే కరెంటు వస్తుంది. ఆ హైడ్రోజన్‌ని సహజవాయువు నుంచో మిథనాల్ నుంచో తీస్తే దాని వెంట కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. ల్యాబ్‌లో అందరం సీఓ అంటాం. అలా హైడ్రోజన్ తీసే పరికరం రిఫార్మర్. దాని నుంచి బయటికొచ్చేటప్పుడు ఇది 10 శాతం దాకా ఉంటుంది. నీటి ఆవిరితో షిఫ్ట్ రియాక్షన్ (సీఓ, ఆవిరి కలిసి కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అవుతాయి) చేయిస్తే 1 శాతం దగ్గరికి దిగుతుంది. ఆ ఒక్క శాతంతోనే మా గొడవంతా. 80 డిగ్రీల దగ్గర పనిచేసే ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం ఉంటుంది. సీఓ దాని మీద అతుక్కుపోయి హైడ్రోజన్‌కి చోటివ్వదు. 1 శాతం అంటే 10,000 పీపీఎం (పది లక్షల్లో పది వేల వంతులు), మేము చేరాల్సింది 10 పీపీఎం. వెయ్యో వంతుకి దించాలి.

దారి ఒకటుంది. కొద్దిగా ఆక్సిజన్ కలిపి, సీఓని మాత్రమే కాల్చి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం. కష్టమంతా ఆ 'మాత్రమే'లో ఉంది. మా గ్యాసులో హైడ్రోజన్ 50 శాతం, సీఓ 1 శాతం. ఒక్కో సీఓ అణువు చుట్టూ యాభై హైడ్రోజన్ అణువులుంటాయి. వాటినేమీ ముట్టుకోకుండా దాన్నొక్కదాన్నే పట్టుకోవాలి. రాగి ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్ కలిపిన ఉత్ప్రేరకం (కేటలిస్ట్) ఈ పని బాగా చేస్తుంది. ప్లాటినం కన్నా ఎంతో చవక. మా పౌడర్ 150 డిగ్రీల దగ్గర 99 శాతానికి పైగా సీఓని తీసేసింది.

పౌడర్‌తో నిజమైన యంత్రం నడవదు. గ్యాసు వేగంగా పోతే ప్రెషర్ పడిపోతుంది, కుదుపులకి పొడి అరిగి దుమ్మవుతుంది. అందుకే కారు సైలెన్సర్ దారిలో ఉండే తేనెపట్టు లాంటి రాయి మీద దీన్ని పూతగా వేయాలి.

జూలై 9

రాయి కోసం తిరిగాం. పాత కారు పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌లోది తీసుకుంటే సరిపోతుంది కదా అని మెకానిక్ షెడ్లో అడిగాను. మా ప్రాజెక్టు చూసే మేడం ఆపేశారు. దాని మీద అప్పటికే ప్లాటినం, పెల్లేడియం, రోడియం ఉంటాయి, నీ రాగి చేసిందేమిటో, అవి చేసిందేమిటో ఎలా తెలుస్తుందమ్మా అన్నారు. నాకు తట్టని మాట. పూత లేని కార్డిరైట్ దిమ్మ తెప్పించాం. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్‌ల ఆక్సైడ్లతో చేసిన సెరామిక్ ఇది. ఎర్రగా కాల్చి చల్లారబెట్టినా పెద్దగా వ్యాకోచించదు, అందుకే పగలదు. చదరపు అంగుళానికి 400 గదులు.

దాని నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసం, 25 మిల్లీమీటర్ల పొడవున్న ముక్కలు కావాలి. గంటస్తంభం దగ్గర లేత్ పనిచేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. చేతిలో తిప్పి వెలుగుకి ఎత్తి చూశాడు. అవతల వీధి కనబడుతోంది.

"ఇదేటమ్మా, తేనెపట్టులాగుంది. సక్ పెడితే పొడైపోద్ది."

సక్ అంటే లేత్‌లో ముక్కని బిగించి పట్టే చక్. అందుకే లేత్ మీద పెట్టలేదు. హాక్సా బ్లేడుతో చదరపు కడ్డీలుగా కోసి, గరుకు కాగితం పరిచిన బల్ల మీద వేళ్లతో దొర్లిస్తూ గుండ్రంగా అరగదీశాడు. నాలుగు ముక్కలకి మధ్యాహ్నమంతా పట్టింది. ఇంటికొచ్చి భూతద్దంలో లెక్కపెట్టాను. ఒక్కో ముక్కలో పూర్తి గదులు 32. అంచున సగం తెగినవి వేరు. ఈ తెగిన గదుల సంగతి కూడా రాసి పెట్టుకున్నాను.

జూలై 22

పౌడర్ మళ్లీ చేశాం, ఈసారి పెద్ద మోతాదులో. 1980లలో బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో కె.సి. పాటిల్ గారి బృందం పెంచిన పద్ధతి ఇది. లోహాల నైట్రేట్లు, యూరియా కొద్ది నీళ్లలో కలిపి 500 డిగ్రీల మఫుల్ ఫర్నేసు (మూసి ఉండే కొలిమి)లో పెట్టాలి. మొదట మరుగుతుంది, నురగ కడుతుంది, చిక్కబడుతుంది. తర్వాత ఒక మూల ఎర్రటి నిప్పు పుట్టి, రెండు మూడు సెకన్లలో గిన్నె అంతా పాకుతుంది. బయటికి తీస్తే మరమరాల కన్నా తేలికైన నల్లటి ముద్ద. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ఫ్యూమ్ హుడ్ (పొగని బయటికి లాగే గూడు) నడవకుండా, ముఖానికి షీల్డ్ లేకుండా మాత్రం ఎవరూ చేయొద్దు. గోధుమరంగు నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి.

సీరియం ఇక్కడ ఏం చేస్తుందంటే, తనలోని ఆక్సిజన్‌ని అప్పిస్తుంది. రాగి మీద కూర్చున్న సీఓ పక్కనే ఉన్న సీరియా (సీరియం ఆక్సైడ్) నుంచి ఆక్సిజన్ లాక్కుని వెళ్లిపోతుంది. గ్యాసులోని ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీ నింపుతుంది. ఈ అప్పూ తీర్పూ ఆగకుండా సాగుతుంది కాబట్టే ప్లాటినం లేకుండా పని జరుగుతోంది. ఈ సీరియం దొరికే ఖనిజం మోనజైట్. అది మన భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలోనే ఉంది. చిన్నప్పుడు కళింగపట్నం బీచిలో కాళ్లకి అంటిన నల్లిసుకని దులుపుకుంటూ తిరిగాను. సీసా లేబుల్ చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ఆగస్టు 4

మొదటి పూత పోయింది.

పౌడర్‌ని నీళ్లలో కలిపి, కొద్దిగా కొలాయిడల్ అల్యూమినా (నీళ్లలో తేలే అతి సన్నటి అల్యూమినియం ఆక్సైడ్) వేసి, గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 3కి దించాను. ముక్కని ముంచి, నిలువుగా పైకి తీసి, గదుల్లో నిండిన స్లర్రీని (పొడి కలిసిన చిక్కటి నీళ్లని) గాలితో ఊది, 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టాను. ఆరిన తర్వాత బల్ల మీద మెల్లగా తడితే నల్లటి పొలుసులు రాలాయి. వేసవిలో ఎండిన చెరువు మట్టి ఎలా బీటలిస్తుందో, భూతద్దంలో అలాగే ఉంది. పెట్రోలియం ఈథర్‌లో అరగంట అల్ట్రాసోనిక్ బాత్ (శబ్ద తరంగాలతో అదిరించే తొట్టి) పెడితే పూత బరువులో 31 శాతం రాలిపోయింది.

ఇంకో సంగతి మర్నాడు పొద్దున్న కనబడింది. బీకరులో మిగిలిన స్లర్రీ పేరుకుంది, పైన తేరిన నీళ్లు లేత నీలంగా ఉన్నాయి. నీలం అంటే రాగి. యాసిడ్ నా రాగి ఆక్సైడ్‌ని కరిగించి పారేస్తోంది. పూత నిలిచినా అది నేను ఏడాది పాటు పరీక్షించిన కేటలిస్ట్ అయ్యుండేది కాదు. పొలుసులు రాలినందుకన్నా ఈ నీలిరంగుకే నాకు ఎక్కువ భయమేసింది. ఆ బీకరు పారబోయకుండా ఉంచడం వల్లే తెలిసింది.

ఆగస్టు 19

పద్ధతి మార్చాం. ముందు ఉత్త సీరియా పూత. యాసిడ్‌కి అది కరగదు. 500 డిగ్రీల్లో కాల్చాక రాగి నైట్రేట్ ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కాల్చడం.

సీరియాని బాల్ మిల్లు (గట్టి గుండ్లతో పొడిని నూరే డబ్బా)లో 24 గంటలు తిప్పి గింజల్ని 10 మైక్రాన్ల లోపుకి తెచ్చాను. లావు గింజలే బీటలకి మొదటి కారణమని ఇప్పుడు నమ్ముతున్నాను. స్లర్రీ చిక్కదనం పల్చటి మజ్జిగకీ పెరుగుకీ మధ్య ఉండాలి. చిక్కనైతే మూలల్లో పేరుకుంటుంది, పల్చనైతే పదిసార్లు ముంచాలి. ఒకేసారి మందంగా వేయకుండా మూడు పల్చటి పొరలు వేశాను. పసుపు రాసిన గడపలా లేత పసుపు రంగులో వచ్చింది. బాత్‌లో అరగంట ఉంచితే పోయింది 3 శాతమే.

రాగి దగ్గర మళ్లీ ఇబ్బంది. ఆరేటప్పుడు నీళ్లు రెండు కొసల వైపు లాక్కుపోతాయి, వాటితో రాగి నైట్రేట్ కూడా పోతుంది. కాల్చాక చూస్తే కొసలు నల్లగా, నడుమ ఇంకా పసుపుగా. ముక్కని అడ్డంగా పెట్టి తిప్పుతూ ఆరబెట్టమని మేడం చెప్పారు. తిప్పేదేదీ మా దగ్గర లేదు. పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే చిన్న మోటారు ఉంటుంది కదా, అటెండర్ మావయ్య ఎక్కడి నుంచో అది తెచ్చిపెట్టారు. ముక్కని ఆ మోటారుకి అడ్డంగా బిగించి, గది వేడిలోనే రాత్రంతా తిప్పాను. పొద్దున్నకి రంగు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే. మావయ్యకి చూపిస్తే, మెహందీ పండినట్టు సమానంగా పండిందమ్మా అన్నారు.

సెప్టెంబరు 2

పరీక్షించే అమరిక, రిగ్, బిగించాం. క్వార్ట్జ్ గొట్టం, చుట్టూ ఫర్నేసు, గ్యాసుల ప్రవాహాన్ని అదుపు చేసే మూడు ఫ్లో కంట్రోలర్లు. నిమిషానికి 200 మిల్లీలీటర్ల గ్యాసు. రాయి ఘనపరిమాణం 2 మిల్లీలీటర్లు కాబట్టి గంటకి దానికి 6,000 రెట్ల గ్యాసు. బయటికొచ్చే గ్యాసుని స్టీలు గొట్టంతో మేడ మీదికి తీశాం. 1 శాతం సీఓ ఉన్న గాలి పీలిస్తే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇందులో పొదుపు చూపకూడదు. కలిపే ఆక్సిజన్ కూడా 1 శాతం దాటనివ్వం. హైడ్రోజన్ అంటుకోవాలంటే సుమారు 5 శాతం ఆక్సిజన్ ఉండాలి, దానికి చాలా దూరంలో ఉంటున్నాం.

మధ్యాహ్నం మూడింటికి సీఓ అలారం మోగింది. 60 పీపీఎం. ఒళ్లంతా చెమట పట్టింది. సిలిండర్ కట్టేసి, కిటికీలు తీసి, అందర్నీ బయటికి పంపాను. వరండాలో నిలబడ్డాకే గుర్తొచ్చింది, సీఓ సిలిండర్ నేనింకా తెరవనే లేదు! అప్పటికి పోతున్నది హైడ్రోజన్, నైట్రోజన్ మాత్రమే. ఈ చిన్న అలారాల్లో ఉండే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ హైడ్రోజన్‌కి కూడా స్పందిస్తుంది. సంఖ్య తప్పు కావచ్చు, లీకు మాత్రం నిజం. నైట్రోజన్ పెట్టి సబ్బునీళ్లు రాస్తే కంట్రోలర్ తర్వాతి ఫెర్రుల్ (గొట్టం జాయింటుని బిగించే రింగు) దగ్గర బుడగలు లేచాయి. మార్చేశాం. ఆ వారమంతా రోజూ పొద్దున్నే ప్రతి జాయింటూ సబ్బునీళ్లతో చూశాకే సిలిండర్ తెరిచాను.

సెప్టెంబరు 15

నాలుగు రోజులుగా ఒకటే అంకె. 150 డిగ్రీల దగ్గర బయటికొచ్చే సీఓ 410 పీపీఎం. 160కి పెంచితే 400. 180 అయినా అంతే. పూతలో రాగి తక్కువైందేమోనని రెండో ముక్క పెట్టాను, అదీ 390 దగ్గరే నిలబడింది. రాత్రి నిద్ర పట్టలేదు. పౌడర్‌లో అంత బాగా పనిచేసింది రాయి మీదికి రాగానే మొండికేయడమేమిటి?

ఈ రోజు మేడం పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడిగారు. "ఆక్సిజన్ ఎంత మిగులుతోంది?"

నేను సీఓ అంకె తప్ప ఇంకేదీ చూడలేదు. జీసీ (గ్యాసుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్) కాగితాలు తిరగేశాను. లోపలికి వెళ్తున్నది 1 శాతం, 180 డిగ్రీల దగ్గర బయటికొస్తున్నది 0.04 శాతం. సీఓ కూడా నూటికి నాలుగు వంతులే మిగులుతోంది. రెండూ ఒకే నిష్పత్తి!

మిగిలిన సీఓకి అసలు కారణం హైడ్రోజన్ ఆక్సిజన్‌ని ముందే తినేయడం అయితే, బయట ఆక్సిజన్ కనబడకూడదు. కేటలిస్ట్ బలం చాలకపోతే వేడి పెంచినప్పుడు అంకెలు కదలాలి. సీఓ, ఆక్సిజన్ రెండూ ఒకే వంతున, వేడితో పని లేకుండా మిగులుతున్నాయంటే ఒకటే అర్థం. నూటికి నాలుగు వంతుల గ్యాసు పూతని తాకకుండానే బయటికి పోతోంది. రాయికీ గొట్టానికీ మధ్యనున్న సందులోంచి. చేత్తో అరగదీసిన ముక్క, అంచున సగం తెగిన గదులు. గ్యాసుకి అంతకన్నా తేలిక దారి ఇంకేం కావాలి?

సెప్టెంబరు 18

సెరామిక్ ఫైబర్ కాగితం ఒక చుట్టు చుట్టి, రెండు కొసల్లో అంచు గదుల్ని అల్యూమినా పేస్టుతో మూసేసి, ముక్కని గొట్టంలోకి బిగుతుగా దోశాను. 150 దగ్గర పెట్టి, చూడలేక టీకి వెళ్లిపోయాను. వచ్చేసరికి ఆ మిగులు ఆక్సిజన్ లేదు. సీఓ కూడా 400 దగ్గర లేదు.

కానీ సున్నా దగ్గరా లేదు. 900 దాటింది.

అక్టోబరు, దసరా సెలవులు

చీపురుపల్లి దగ్గర మా ఊరు వచ్చాను. నాన్న ఫెర్రో మాంగనీసు ఫర్నేసు మీద పనిచేసి రిటైర్ అయ్యారు. ఏం చేస్తున్నావని అడిగితే మొత్తం చెప్పాను.

"అంటే మా ఫర్నేసు మీద కొట్టే గ్యాసూ, నీ గ్యాసూ ఒకటేనేటమ్మా?"

ఒకటే. ఖనిజంలోని ఆక్సిజన్‌ని బొగ్గు లాక్కుంటే వచ్చేది సీఓనే. "ముందు తలనొప్పొస్తాది, తరవాత కాళ్లు తేలిపోతాయి. వాసనుండదు, అదే సిక్కు," అన్నారు. ఆ వివరం నేను పుస్తకంలో చదివాను, ఆయన ఒంటితో తెలుసుకున్నారు. తర్వాత, "మన గర్భాం మాంగనీసు దీనికి పనికిరాదేటి?" అని అడిగారు. గర్భాం మా వైపు మాంగనీసు గనులున్న ఊరు. మంచి ప్రశ్న. రాగి, మాంగనీసు ఆక్సైడ్లు కలిపిన హాప్కలైట్ మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఉంది. గాలిలోని సీఓని మామూలు వేడిలోనే తీసేస్తుంది, అందుకే గ్యాసు ముసుగుల్లో వాడారు. తేమ తగిలితే మాత్రం మొద్దుబారుతుంది. నా గ్యాసులో చివరికి తేమ ఉండక తప్పదు, అందుకే నేను సీరియా వైపు వెళ్లాను. అయినా సీరియాలో కొంచెం మాంగనీసు కలిపి చూడాలని నోటుబుక్కులో రాసుకున్నాను.

అక్టోబరు, సిరిమాను మర్నాడు

ఊరంతా జనం, నిన్న ల్యాబ్ లేదు. పైడితల్లమ్మకి దండం పెట్టుకుని వచ్చి, ఆ 900 లెక్క పట్టుకున్నాను. ఈసారి బయట ఆక్సిజన్ లేదు కాబట్టి జాడ సులువు. హైడ్రోజన్ తినేస్తోంది. ఎందుకు తింటోంది? వేడి.

ఒక మోల్ సీఓ కాలితే 283 కిలోజౌళ్లు, హైడ్రోజన్ అయితే 242. 1 శాతం సీఓ, 1 శాతం ఆక్సిజన్ వేస్తే, ఆక్సిజన్‌లో సగం సీఓకి పోయి మిగతా సగం హైడ్రోజన్‌ని కాలుస్తుంది. మోల్ గ్యాసుకి 5.25 కిలోజౌళ్లు. ఆ వేడంతా గ్యాసులోనే ఉండిపోతే దాదాపు 175 డిగ్రీలు పెరుగుతుంది! పౌడర్‌లో ఇది నాకు తెలియలేదు. 100 మిల్లీగ్రాముల పౌడర్‌ని క్వార్ట్జ్ ఇసుకలో కలిపాను, వేడిని ఆ ఇసుక తాగేసింది. ఇక్కడ ఇసుక లేదు. కార్డిరైట్ వేడిని సరిగా పక్కకి పంపదు. పైగా నేనే చుట్టూ ఫైబర్ కాగితం చుట్టి దుప్పటి కప్పాను.

వేడిని కొలిచే అర మిల్లీమీటరు థర్మోకపుల్‌ని నడిమి గదిలోకి దూర్చాం. ఫర్నేసు 150 చూపిస్తోంది. ముందు కొస నుంచి 5 మిల్లీమీటర్ల లోపల 192. నేను 150 అని రాసిన ప్రతి అంకె నిజానికి 150 కాదు. అంత వేడిలో హైడ్రోజన్ కూడా పోటీకొస్తుంది. ఆక్సిజన్ ముందు భాగంలోనే అయిపోతుంది. వెనక భాగంలో అప్పటికే పుట్టిన కార్బన్ డయాక్సైడ్ హైడ్రోజన్‌తో కలిసి తిరిగి సీఓ అయ్యే దారి కూడా తెరుచుకుంటుంది. కేటలిస్ట్ మంచిదే. దాన్ని కూర్చోబెట్టిన చోటు వేడెక్కుతోంది. ఇన్నాళ్లూ నేను పొడినే చూశాను, పొడి కింద రాయిని చూడలేదు. రాయి కూడా కేటలిస్ట్‌లో భాగమే.

నవంబరు 11

ఫర్నేసుని 120కి దించితే 38 పీపీఎం. దారి తెలిసింది కానీ పది కాలేదు. ఆక్సిజన్ తగ్గిస్తే వేడి తగ్గుతుంది, సీఓ మిగులుతుంది. పెంచితే సీఓ పోతుంది, వేడి హైడ్రోజన్‌ని పిలుస్తుంది.

అందుకని పనిని రెండు రాళ్లకి పంచాం. మొదటి రాయికి 0.6 శాతం ఆక్సిజన్ మాత్రమే, అంటే సీఓకి సరిగ్గా కావాల్సిన దానికన్నా ఐదో వంతు ఎక్కువ. అక్కడ 500 పీపీఎం దాకా దిగుతుంది. రెండు రాళ్ల మధ్య ఒక చేతి వెడల్పు గొట్టం ఖాళీగా వదిలాం, గ్యాసు చల్లారడానికి. ఆ చోట ఇంకో 0.05 శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. అంటే నిమిషానికి 0.1 మిల్లీలీటరు. అంత చిన్న ప్రవాహాన్ని మా కంట్రోలర్ పట్టలేదు, అంకె ఊగుతూనే ఉంది. నైట్రోజన్‌లో 1 శాతం ఆక్సిజన్ కలిపిన సిలిండర్ తెప్పిస్తే నిమిషానికి 10 మిల్లీలీటర్లు పంపాల్సి వచ్చింది. అది నిలకడగా నడిచింది.

సాయంత్రం ఐదున్నరకి బయటి గ్యాసుని జీసీలోకి మొదటి ఇంజెక్షన్: 9 పీపీఎం. ఇంకోసారి: 7. ఇంకోసారి: 7.

ఆరు గంటలు వదలకుండా నడిపాం. 7, 8 మధ్యనే ఉంది. మొదటి రాయి లోపలి థర్మోకపుల్ 150 దాటలేదు. వృథాగా కాలే హైడ్రోజన్ లెక్క కూడా వేశాం. మునుపు ఉన్న హైడ్రోజన్‌లో 2 శాతం పోయేది, ఇప్పుడు 0.6 శాతం. రాత్రి పన్నెండింటికి మేడం తన స్కూటీ మీద నన్ను హాస్టల్ దగ్గర దింపారు. నాన్నకి ఫోన్ చేస్తే ఒకటే అడిగారు, "ఏడేనా? ఏడొందలు కాదు గదా?"

నవంబరు 27

అసలు పరీక్ష ఇది. రిఫార్మర్ గ్యాసులో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎలాగూ ఉంటాయి. 20 శాతం కార్బన్ డయాక్సైడ్, 10 శాతం ఆవిరి కలిపాం. 7 ఉన్నది 60 అయింది. రెండూ సీరియా మీద చోటు పట్టేస్తాయి, సీఓకి దారి తగ్గుతుంది. ఆవిరి ఆపేస్తే గంటన్నరలో 15కి దిగింది. అంటే పాడవలేదు, చోటు మాత్రమే నిండింది. ఆవిరి మళ్లీ పెట్టి, రెండో రాయిని 20 డిగ్రీలు వేడి చేశాను. 18 దగ్గర నిలిచింది. ఇంకా ఎనిమిది తగ్గాలి.

లేత్ బాబాయ్‌కి ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన పల్చటి రేకు ఇచ్చి వచ్చాను. వేడిని కార్డిరైట్ కన్నా ఎన్నో రెట్లు బాగా మోస్తుంది. సాదా రేకు ఒకటి, మడతలు పెట్టింది ఒకటి కలిపి చుట్ట చుడితే గదులు వాటంతటవే ఏర్పడతాయి. ఈసారి సందు లేకుండా గొట్టం కొలతకే చుడతానన్నాడు. శనివారం ఇస్తాడు. ఆలోగా సీరియా మిల్లులో తిరుగుతోంది, రేపు పొద్దున్న పదింటికి 24 గంటలు నిండుతాయి.